ముడి తప్పు కాదు, దారం మారింది



సెలవులకి ఊరెళ్ళి వచ్చిన ప్రతిసారీ మన హాస్టల్ గదుల్లో ఒకటే వాదన. ఒక పక్క "మన తాతలు కట్టిన ముడి ముందు ఈ వీడియోల ముడులు ఎందుకూ పనికిరావు" అనేవాళ్ళు. ఇంకో పక్క "తాత కట్టిన ముడి జారిపోతోంది, ఫోన్లో చూసి నేర్చుకో" అనేవాళ్ళు. దేవీపట్నం వైపు వాళ్ళయినా, కూనవరం, వి.ఆర్.పురం వైపు వాళ్ళయినా, పోలవరం వైపు వాళ్ళయినా, రాజమండ్రిలో చదువుకుంటున్న మనందరికీ గోదారి, గాలం కొత్త కాదు. అందుకే ఈ వాదన ఎప్పటికీ తేలదు.

మేము చెప్పేది ఏంటంటే, రెండు మాటలూ సగం సగమే. ఫలానా ముడి మంచిది, ఫలానాది చెడ్డది అని విడిగా చెప్పలేం. ఏ దారానికి, ఏ గాలానికి, ఏ చేపకి అని చూసి చెప్పాలి. తాతలు చేసింది అదే. వాళ్ళ ముడి వాళ్ళ దారానికి సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు దారం మారింది. మారిన దారానికి తగ్గ ముడి ఎంచుకోవడం ఒక పని. పాత ముడి ఎందుకు నిలిచిందో తెలుసుకుని రాసిపెట్టుకోవడం రెండో పని. ఈ రెండూ చదువుకుంటున్న మన మీదే ఉన్నాయి.

ముందు ముడి ఎలా పట్టుకుంటుందో చూద్దాం. ముడికి బలం ఇచ్చేది రాపిడి. దారం దారాన్ని ఒరుసుకుని, ఒకదాన్ని ఒకటి నొక్కి పట్టుకుంటుంది. జనపనార తాడైనా, నూలు దారమైనా పైన గరుకు ఉంటుంది. తడిస్తే ఉబ్బుతుంది. ఉబ్బితే ముడి ఇంకా బిగుస్తుంది. నూలు దారానికి ఇంకో గుణం ఉంది, తడిస్తే దాని బలం పెరుగుతుంది. అందుకే ఆ రోజుల్లో రెండు సాదా ముడులు ఒకదాని మీద ఒకటి వేస్తే చాలు, నీళ్ళలో పడ్డాక అవే గట్టిపడేవి. ఆ దారానికి శత్రువు కుళ్ళు. చెట్టు బెరడు మరిగించిన కషాయంలో వలల్ని నానబెట్టి ఆరబెట్టింది అందుకే. ముడి గురించి పెద్దగా బెంగ లేదు, దారం కుళ్ళకుండా చూసుకోవడమే పని.

తర్వాత నైలాన్ వచ్చింది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం 1935లో దాన్ని తయారుచేసింది. కొన్నేళ్ళలోనే దాంతో చేపల దారం కూడా వచ్చింది. మన దేశంలో 1957లో కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ మొదలైంది. నూలు, జనపనార వలల నుంచి నైలాన్ వలలకి మారడంలో దాని పాత్ర పెద్దది. విశాఖపట్నంలో దాని కేంద్రం ఉంది. నైలాన్ కుళ్ళదు, సన్నగా ఉండి ఎక్కువ బరువు లాగుతుంది, నీళ్ళలో చేపకి సరిగ్గా కనపడదు. అందుకే మనవాళ్ళు కూడా మారారు. ఆ మార్పు తప్పని మేము అనడం లేదు.

కానీ ముడికి కావలసిన గుణాలన్నీ ఇక్కడ తారుమారయ్యాయి. ఒంటిపోగు నైలాన్ నున్నగా ఉంటుంది. వంచితే వెనక్కి తన్నుతుంది. తడిస్తే బలం పెరగదు సరికదా, దాదాపు పదో వంతు తగ్గుతుంది. నూలు దారానికి వేసిన రెండు సాదా ముడులే దీనికి వేస్తే, చేప ఒక్క గుంజు గుంజేసరికి కొస మెల్లగా జారి బయటికి వచ్చేస్తుంది. అప్పుడు ఊళ్ళో అనే మాట "దారం మంచిది కాదు". అసలు సంగతి దారంలో లేదు, దారానికీ ముడికీ కుదరలేదు.

ఇది తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. గాలం పోయినప్పుడు చేతిలో మిగిలిన కొసని పారేయకుండా చూడండి. కొస పంది తోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారిపోయింది, అంటే చుట్లు చాలలేదు, లేదా సరిగా బిగించలేదు. ముడి ఉన్న చోటే పుటుక్కున తెగి ఉంటే ముడి దారాన్ని కోసేసింది, అంటే ఆ దారానికి ఆ ముడి తగదు, లేదా తడపకుండా బిగించారు. ముడికి దూరంగా, పోగులు లేచి గరుగ్గా తెగి ఉంటే రాయికో, మోడుకో, చేప పళ్ళకో ఒరుసుకుంది. మూడు కొసలకీ మూడు వేరు వేరు మందులు. కొస చూడకుండా దుకాణానికి వెళ్ళి ఇంకా లావు దారం కొనడం, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర మింగడం లాంటిదే.

ఇప్పుడు ఒక్కో దారానికి ఏ ముడి నప్పుతుందో చెప్తాం. ఇవి ప్రపంచమంతా గాలం వేసేవాళ్ళు వాడే ముడులు, మనం ఇక్కడ కట్టి చూసుకోగలిగినవే.

ఒంటిపోగు నైలాన్‌కి, గాలానికి కన్నం ఉంటే, క్లించ్ ముడి. కొసని కన్నంలోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదు చుట్లు తిప్పాలి. కన్నం పక్కనే ఏర్పడిన చిన్న సందులోంచి కొసని వెనక్కి తేవాలి. అలా తెచ్చినప్పుడు ఇంకో పెద్ద ఉచ్చు ఏర్పడుతుంది, దాంట్లోంచి కూడా దూర్చాలి. తర్వాత ఉమ్ముతోనో నీళ్ళతోనో తడిపి, మెల్లగా, ఒకే ఊపులో బిగించాలి. దారం లావుగా ఉంటే చుట్లు మూడో నాలుగో చాలు, ఎక్కువ వేస్తే సరిగ్గా కూర్చోవు. తడపడం చాదస్తం కాదు. పొడిగా లాగితే రాపిడికి వేడి పుట్టి, ముడి లోపల దారం దెబ్బ తింటుంది. పైకి ఏమీ కనపడదు, చేప పడ్డప్పుడే తెలుస్తుంది.

గాలానికి కన్నం లేకుండా తల చదునుగా ఉంటే, కాడ చుట్టూ చుట్టే ముడి. దారాన్ని గాలం కాడ వెంబడి పెట్టి, వెనక్కి మడిచి, కాడనీ దారాన్నీ కలిపి ఆరేడు చుట్లు వరసగా పేర్చి బిగిస్తారు. బయటివాళ్ళు దీన్ని స్నెల్ అంటారు. ఇక్కడ "పాత ముడులు పనికిరావు" అనే మిత్రులు ఒక్క నిమిషం ఆగాలి. కాడకి దారం చుట్టి బిగించడం వీడియోలు వచ్చాక పుట్టిన విద్య కాదు. చదును తల గాలం ఎంత పాతదో ఈ చుట్టు కూడా అంత పాతది. నైలాన్ మీద కూడా ఇది గట్టిగా నిలుస్తుంది, ఎందుకంటే చుట్లు ఎక్కువ, లాగుడు నేరుగా కాడ మీద పడుతుంది. అంటే పాతవన్నీ పోలేదు. ఏది పోయిందో, ఏది నిలిచిందో విడదీసి చూడాలి.

మూడోది అల్లిన దారం. ఈ మధ్య ఆన్‌లైన్‌లో చాలామంది తెప్పించుకుంటున్నది ఇదే. ఇది నైలాన్ కాదు, ఒక రకం గట్టి పాలిథీన్ సన్న పోగులు కలిపి అల్లింది. నీళ్ళ మీద తేలుతుంది, దాదాపు సాగదు, సన్నగా ఉన్నా చాలా బలం. కానీ నైలాన్ కన్నా ఇంకా నున్నన. దీనికి మామూలు క్లించ్ వేస్తే జారుతుంది. పాలోమార్ నప్పుతుంది. దారాన్ని రెండు పేటలుగా మడిచి, ఆ మడతని కన్నంలోంచి దూర్చాలి. రెండు పేటలతోనే ఒక వదులు సాదా ముడి వేయాలి. మిగిలిన మడతలోంచి గాలం మొత్తాన్ని దాటించి, తడిపి బిగించాలి. ఇంకో మాట, ఈ దారాన్ని చేతికి చుట్టుకుని లాగకండి. సాగని దారం కాబట్టి పెద్ద చేప గుంజితే వేలు కోసుకుపోతుంది.

రెండు దారాల్ని కలపాల్సి వస్తే, లావుదీ సన్నదీ పక్కపక్కన పెట్టి మూట కట్టినట్టు రెండు సాదా ముడులు వేస్తే నిలవదు. ఒక్కోదాని కొసతో రెండో దాని మీద చుట్లు వేసి విడివిడిగా బిగించి, తర్వాత రెండు ముడులూ ఒకదానికొకటి ఆనేదాకా లాగాలి. నైలాన్ వైపు ఐదు చుట్లు, అల్లిన దారం వైపు ఎనిమిది దాకా. వాలుగ లాంటి పళ్ళ చేపకి వెళ్ళేటప్పుడు ఇది తప్పదు. గాలం దగ్గర మూరెడు లావు దారమో, తీగో కలపకపోతే ముడి ఎంత మంచిదైనా పళ్ళ కింద పోతుంది.

వల సంగతి వేరు. పులసని గాలంతో పట్టరు. వరదకి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ గోదారిలోకి వచ్చే ఆ చేప వలకే పడుతుంది. వల కన్ను కట్టే ముడిని బయట షీట్ బెండ్ అంటారు. నేతగాళ్ళు తెగిన పోగు అతికే ముడి కూడా ఇదే. నూలు వలకి ఇది ఒక చుట్టుతో సరిపోయేది. ఒంటిపోగు నైలాన్ వల చేత్తో బాగుచేసేటప్పుడు అదే ముడికి ఇంకో చుట్టు కలపాలి. లేకపోతే ముడి పక్కకి జరిగి, ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది అవుతుంది. పెద్ద కన్నులోంచి చేప పోతుంది, చిన్న కన్నులో ఎదగని పిల్ల ఇరుక్కుంటుంది. ఒక్క చుట్టు తేడాతో ఈ ఏడాది చేపా పోతుంది, వచ్చే ఏడాది చేపా పోతుంది.

ఇక్కడ కొంతమంది అడుగుతారు, మాకు తెలుసు. "ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కాం. గ్రూప్స్‌కి చదవాలి, డీఎస్సీకి చదవాలి. ముడులు నేర్చుకోడానికా ఇంత దూరం వచ్చింది?" న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. ఫిజిక్స్ పుస్తకంలో రాపిడి పాఠం ఉంది. గుంజకి తాడు చుడితే ఒక్కో చుట్టుకీ పట్టు కలుస్తూ కాదు, హెచ్చవేస్తూ పెరుగుతుందని 18వ శతాబ్దంలో ఆయిలర్ లెక్క కట్టాడు. రాపిడి గుణకం 0.2 అనుకుంటే, ఒక చుట్టుకి పట్టు దాదాపు 3.5 రెట్లు, రెండు చుట్లకి దాదాపు 12 రెట్లు, మూడు చుట్లకి 40 రెట్లు దాటుతుంది. రేవులో గుంజకి మూడు చుట్లు వేసి పడవని ఒంటిచేత్తో ఆపే మనిషికి ఈ లెక్క చేతిలో ఉంది. కాగితం మీద లేదు, అంతే. పరీక్షలో ఈ ప్రశ్నకి బట్టీ పట్టి రాసేవాడికీ, రేవు గుర్తొచ్చి రాసేవాడికీ తేడా ఉంటుంది. మన చదువుకి మన ఊరు అడ్డం కాదు. చాలా పాఠాలకి ఉదాహరణ మన ఊళ్ళోనే ఉంది, పుస్తకం రాసినవాళ్ళకి కనపడలేదు.

కనపడకపోవడం చిన్న విషయం కాదు. 1944లో క్లిఫర్డ్ ఆష్లీ అనే అమెరికా చిత్రకారుడు ముడుల మీద ఒక పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. ఓడల మీద పనిచేసేవాళ్ళ దగ్గర, రకరకాల పనివాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి పోగుచేసి, 3,800కి పైగా ముడులకి బొమ్మలు గీసి, నంబర్లు ఇచ్చాడు. వాళ్ళంతా చేతిపని చేసుకునేవాళ్ళే. అయినా ఈ రోజు వాళ్ళ ముడులకి పేరుంది, బొమ్మ ఉంది, ప్రపంచంలో ఎక్కడైనా నేర్చుకోవచ్చు. మన ముడులకి ఏముంది? కట్టే చెయ్యి ఉన్నంత కాలం ఉంటాయి, ఆ చెయ్యి పోతే పోతాయి.

ఆ చేతుల విలువ ఏంటో లోకం ఒకసారి చూసింది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగినప్పుడు, ప్రాణాలతో బయటపడ్డవాళ్ళని ఒడ్డుకి చేర్చడానికి ముందుగా పడవలేసుకుని వెళ్ళింది తూటుగుంట గిరిజనులు. తర్వాత అక్టోబర్ 22న ఆ బోటుని గోదారి అడుగు నుంచి బయటికి లాగింది కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం గారి బృందం, లంగర్లతో, రోపులతో. సుడి ఎక్కడ తిరుగుతుంది, తాడు ఎక్కడ పట్టాలి, ఎంత లాగితే తెగుతుంది, ఇవి తెలిసినవాళ్ళే ఆ పని చేయగలిగారు. ఆ తెలివికి ఏ సర్టిఫికెట్ లేదు.

ఇంకో పక్క మన ఊళ్ళే కదిలిపోతున్నాయి. పోలవరం ముంపులో లేచిన ఊళ్ళవాళ్ళకి గోకవరం వైపు, జంగారెడ్డిగూడెం వైపు కాలనీలు కట్టారు. ఇళ్ళు సిమెంటువే, రోడ్డు దగ్గరే. కానీ ఇంటి ముందు గోదారి లేదు. గోదారి లేని చోట పిల్లాడు తాత పక్కన కూర్చుని గాలం కట్టడం ఎలా చూస్తాడు? నష్టపరిహారం లెక్కల్లో పొలం ఉంది, ఇల్లు ఉంది, చెట్టు ఉంది. చేతిలో ఉన్న పని తెలివికి గడి లేదు. ఇది మా అసలు బాధ. పాత ముడి, కొత్త ముడి అని మనం వాదించుకుంటూ ఉంటే, రెండూ తెలిసిన మనుషులే లేకుండా పోయే రోజు వస్తుంది.

చట్టం కోణం కూడా ఒకటి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) సామూహిక హక్కుల్లో చేపల్నీ, నీటి వనరుల నుంచి వచ్చే ఇతర ఉత్పత్తుల్నీ పేరు పెట్టి చెప్పింది. ఆ చట్టం నియమాల్లో, పెద్దల వాంగ్మూలం రాతలో ఉంటే దాన్ని సాక్ష్యంగా చూడొచ్చని ఉంది. మన దగ్గర చాలామంది పోడు పట్టా వరకే ఆలోచిస్తారు. ఏ వాగులో ఏ కాలంలో ఏ గాలం వేస్తారు, ఏ చేపకి ఏ దారం కడతారు అని పెద్దల మాటల్లో, పేరుతో, తేదీతో రాసిన కాగితం రేపు గ్రామసభలో పనికొస్తుంది. ముడి బొమ్మ ఒక్కటే హక్కు తెచ్చిపెట్టదు. కానీ "ఇక్కడ మేము తరాలుగా చేపలు పడుతున్నాం" అనే మాటకి అది ఆధారం అవుతుంది.

ఇంత చెప్పాక మన వైపు లోపం కూడా చెప్పుకోవాలి. నైలాన్ కుళ్ళదు అన్నాం కదా, ఆ మంచి గుణమే చెడ్డ గుణం కూడా. జారిన ముడితో పోయిన గాలం, చిక్కుపడి వదిలేసిన దారం, చిరిగిన వల ముక్క ఏళ్ళ తరబడి నీళ్ళలోనే ఉంటాయి. ఎవరూ తియ్యని వలలో చేప చిక్కుతుంది, చస్తుంది, ఆ చేప కోసం వచ్చిన నీటికాకి చిక్కుతుంది. అదంతా వరదకి ధవళేశ్వరం దాటి కోరింగ మడ అడవుల వైపూ కొట్టుకుపోతుంది. తాతల జనపనార తాడు పోయినా నది తినేసేది. మన దారాన్ని నది తినలేదు. కాబట్టి మంచి ముడి కట్టడం చేప కోసమే కాదు, దారం నదిలో వదలకుండా ఉండడానికి కూడా. తెగిన ముక్కలు జేబులో వేసుకుని తేవడం నామోషీ కాదు.

ఇక చేయాల్సిన పని. వచ్చే సెలవుల్లో గ్రూపులో అందరం నాలుగు పనులు చేద్దాం.

ఒకటి, ఊళ్ళో గాలం కట్టే పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ చేతుల్ని వీడియో తీయండి. ముఖం అక్కర్లేదు, చేతులు చాలు. మెల్లగా మూడుసార్లు కట్టమనండి. తాతల్నే కాదు, అడ్డాకుల కట్ట, వెదురు మోపు కట్టే అమ్మమ్మల్ని కూడా అడగండి. వాళ్ళకి తెలిసిన ముడులు తక్కువేం కాదు.

రెండు, ఆ ముడిని మన భాషలో ఏమంటారో అలాగే రాయండి. కోయలో ఒక పేరు, కొండరెడ్ల మాటలో ఒక పేరు ఉంటే రెండూ రాయండి. తెలుగు పేరు పెట్టి సరిచేయకండి.

మూడు, ఏ దారానికి, ఏ గాలానికి, ఏ చేపకి, ఏ కాలంలో అని నాలుగు మాటలు పక్కన రాయండి. ఈ నాలుగూ లేకపోతే ముడి బొమ్మ సగం సమాచారమే.

నాలుగు, పరీక్ష పెట్టండి. కొమ్మకి దారం కట్టి, కింద ముడితో బకెట్ వేలాడదీసి, లీటరు లీటరు నీళ్ళు పోయండి. లీటరు నీళ్ళంటే ఒక కిలో. బకెట్ బరువు కూడా కలుపుకుని, ఎన్ని కిలోలకి జారింది, ఎన్ని కిలోలకి తెగింది రాయండి. పొడి దారంతో ఐదుసార్లు, గంటసేపు నానిన దారంతో ఐదుసార్లు. బకెట్ కింద కాళ్ళు పెట్టకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. తాత ముడి గెలిస్తే అలాగే రాద్దాం, కొత్త ముడి గెలిస్తే అదీ రాద్దాం. వచ్చిన లెక్కల్ని పెద్దవాళ్ళకి కూడా చూపించండి. వాళ్ళు నేర్పారు, మనమూ ఒకటి చూపిద్దాం.

పోగైనవన్నీ ఒక చోట పెట్టి, చిన్న పుస్తకంగా చేసి, ముందు మన ఆశ్రమ పాఠశాలల్లో తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఇద్దాం. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, అక్కడివాళ్ళకీ చూపించి సలహా అడుగుదాం. బొమ్మలు గీయగలిగినవాళ్ళు, కోయ, కొండరెడ్డి మాటలు బాగా తెలిసినవాళ్ళు కింద కామెంట్లో చెప్పండి. మొదటి వీడియో ఏ ఊరి నుంచి వస్తుందో చూద్దాం.

జోహార్.